చుక్కకును గీతకును నడుమ

శ్రీవారి ప్రత్యేక ప్రవేశ దర్శనమునకు మూడువందల రూపాయల టికెట్టు కొనవలెనన్న నేడు అలిపిరి దాఁక పోనక్కఱలేదు. ఇంటి అరుగుమీఁదఁ గూర్చుండి ఫోనులోనే కొనవచ్చును. ఆ సౌకర్యము వెంట మోసమును కొండ యెక్కినది. 2023లో దేవస్థానము వారి ఫిర్యాదుపై తిరుమల వన్‌టౌన్ పోలీసులు కేసు పెట్టిన నకిలీ వెబ్‌సైటు అట్టివానిలో 41వది. అప్పటి అసలు చిరునామా ‘తిరుపతిబాలాజీ.ఏపీ.గవ్.ఇన్’, నకిలీది ‘తిరుపతిబాలాజీ-ఏపీ-గవ్.ఆర్గ్’. చుక్కలున్న చోట అడ్డగీతలు పెట్టి కొస మార్చిరి, అంతియే.

ఈమెయిలులో వచ్చు వంచనయు నిట్టిదే. కాణిపాకము వినాయకుని యెదుటఁ బ్రమాణము చేసి చెప్పిన మాటను నమ్ముట చిత్తూరు సీమవారి యాచారము. ఈమెయిలు మాత్రము ఎవ్వనిచేతను ప్రమాణము చేయింపదు. 1982లో జాన్ పోస్టెల్ వ్రాసిన ఎస్.ఎం.టీ.పీ. అను ఈమెయిలు నియమావళి, పరస్పర పరిచయము గల కొలఁదిమంది పరిశోధకుల నడుమఁ బుట్టినది గాన, పంపువాఁడు తన పేరు ఏమని చెప్పిన దానినే నమ్మి యుత్తరమును చేర్చునది. తరువాతి కాలమునఁ జేర్చిన పరీక్షలు పరుల పేరు పెట్టుకొని వచ్చు దొంగను చాలవఱకుఁ బట్టుచున్నవి. కాని గీతలు పెట్టిన కొత్త చిరునామాను సొమ్మిచ్చి కొన్నవాఁడు, దాని నుండి వ్రాసినయెడల, ఆ పరీక్షలన్నిటను నెగ్గును. అతఁడు చెప్పినది తన చిరునామాయే గదా!

కావునఁ గడపటి పరీక్ష చదువరి కంటిదే. తెలుఁగువాని యింటిపేరు ముందుండును. ఇంటర్నెట్టు చిరునామాకు ఇంటిపేరు తుదనుండును. ఈమెయిలులో ‘యాట్’ గుర్తు తరువాతి భాగమును, లింకులో ‘://’ గుర్తు తరువాత వచ్చు మొదటి వాలుగీతకు ముందున్న భాగమును, కుడినుండి యెడమకుఁ జదువవలెను. గవ్.ఇన్ ప్రభుత్వ సంస్థలకుఁ దక్క దొరకదు. ఆర్గ్ రుసుము కట్టిన యెవనికైనను దొరకును. ముందు ఎన్ని దైవనామములు కూర్చినను తుదిని గవ్.ఇన్ చేయలేరు.

‘దర్శనము ఖాయమైనది, గంటలోపల సొమ్ము కట్టుఁడు’ అని తొందరపెట్టు నుత్తరమున లింకు నొక్కక, చిరునామాను స్వయముగా టైపు చేయుఁడు. రెండంచెల ధ్రువీకరణ పెట్టుకొన్నచో పాస్‌వర్డు పోయినను రెండవ తాళము మిగులును. ఓటీపీ చెప్పినవానికి అదియును మిగులదు. సొమ్ము పోయినచో సిగ్గుపడి తడయక సైబరు నేరముల సహాయవాణి 1930కి ఫోను చేయుఁడు.

దేవస్థానము వారి చిరునామా పిమ్మట ‘టీటీదేవస్థానమ్స్.ఏపీ.గవ్.ఇన్’గా మాఱినది. కొసనున్న గవ్.ఇన్ మాత్రము మాఱలేదు.