గృహప్రాంగణంలో విద్యుత్ కారు ఛార్జర్ స్థాపన - వ్యయస్వరూపం: శంషాబాద్ ప్రాంత నేపథ్యం

వ్యాససంగ్రహం:

విద్యుత్ కారు కొన్న కుటుంబం ఇంటివద్ద ఛార్జర్ అమర్చుకోవడానికయ్యే ఖర్చును సాధారణంగా పరికరం ధరతోనే అంచనా వేయడం జరుగుతున్నది. ఈ వ్యాసం ఆ ఖర్చును పరికరం, విద్యుత్ మార్గం, మీటరు అనే మూడు భాగాలుగా విభజించి, శంషాబాద్, రాజీవ్‌గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయ పరిసరాల నేపథ్యంలో పరిశీలిస్తుంది. తెలంగాణ గృహ విద్యుత్ స్లాబుల ఆధారంగా చేసిన గణన ద్వారా, దీర్ఘకాలిక భారాన్ని నిర్ణయించేది పరికరం కాదనీ, యూనిట్లు ఏ మీటరుపై నమోదవుతాయన్నదే ప్రధానమనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: విద్యుత్ వాహనాలు, గృహ ఛార్జింగ్, విద్యుత్ స్లాబులు, శంషాబాద్, గృహజ్యోతి, అపార్ట్‌మెంట్లు.

1. ఉపోద్ఘాతం:

2008 మార్చిలో విమానాశ్రయం ప్రారంభమైన తరువాత శంషాబాద్ స్వరూపం మారిపోయింది. ఔటర్ రింగ్ రోడ్డు, 2009లో ప్రారంభమైన పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఈ ప్రాంతాన్ని నగరంతో దగ్గరచేశాయి. హైదరాబాద్‌లో ఆర్టీసీ విద్యుత్ బస్సులు 2019లో మొదట నడిచినది కూడా విమానాశ్రయ మార్గాల్లోనే. ఆ బస్సులకు రాత్రి నిలిచే డిపోలోనే ఛార్జింగ్ ఏర్పాటు చేశారు. సొంత కారుకు ఆ డిపో స్థానం ఇంటిదే.

తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ప్రకటించిన విధానం ప్రకారం 2026 డిసెంబరు 31 వరకు విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము పూర్తిగా మినహాయింపు పొందాయి. కేంద్రం 2019 ఆగస్టు 1 నుంచి ఛార్జర్లపై జీఎస్టీని 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గించింది. ఈ రాయితీలు కొనుగోలు సమయానికి సంబంధించినవి. కొన్న తరువాత ప్రతినెలా వచ్చే బిల్లు వీటి పరిధిలోకి రాదు. కాబట్టి గృహ ఛార్జింగ్ వ్యయాన్ని ప్రత్యేకంగా పరిశీలించవలసి ఉన్నది.

2. వాహన వినియోగం - ఛార్జర్ సామర్థ్యం:

ఎంత సామర్థ్యంగల ఛార్జర్ కావాలన్నది రోజువారీ ప్రయాణాన్నిబట్టి నిర్ణయించాలి. ఛార్జింగ్‌లో జరిగే నష్టాన్ని కూడా కలుపుకొని కారు కిలోమీటరుకు 0.15 యూనిట్లు తీసుకుంటుందనుకుంటే, నెలకు 1000 కిలోమీటర్లకు 150 యూనిట్లు, అంటే రోజుకు సగటున 5 యూనిట్లు అవసరమవుతాయి. ఏసీ, గీజర్‌లకు వాడే 15 ఆంపియర్ల సాకెట్ నుంచి సుమారు 3.3 కిలోవాట్ల శక్తి లభిస్తుంది. ఆ 5 యూనిట్లు రెండు గంటలలోపే పూర్తవుతాయి. శంషాబాద్ నుంచి మెహిదీపట్నం వరకు రోజూ వెళ్ళివచ్చే ఉద్యోగికైనా ఈ సాకెట్ సరిపోతుంది.

విమానాశ్రయ క్యాబ్ పరిస్థితి వేరు. రోజుకు 200 కిలోమీటర్లు తిరిగే కారుకు 30 యూనిట్లు కావాలి. 3.3 కిలోవాట్ల వద్ద అది 9 గంటలకు పైబడిన పని. రాత్రిపూట వచ్చే విమానాలకోసం నడిపే డ్రైవరుకు అంత ఖాళీ సమయం దొరకదు. 7.2 కిలోవాట్ల గోడ ఛార్జర్‌తో అదే పని నాలుగుంబావు గంటల్లో ముగుస్తుంది. అందువల్ల పెద్ద ఛార్జర్ కారు ధరనుబట్టి కాక, కారు ఇంటివద్ద నిలిచే గంటలనుబట్టి ఎంచుకోదగినది.

3. పరికరం ధర:

కారుతోపాటు వచ్చే 3.3 కిలోవాట్ల కేబుల్‌ను వాడుకుంటే కొత్త పరికరం కొనవలసిన అవసరం ఉండదు. గోడ ఛార్జర్‌కు మాత్రం గణనీయమైన మొత్తం వెచ్చించాలి. ఉదాహరణకు మహీంద్రా సంస్థ 2024 నవంబరులో విడుదలచేసిన బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈ కార్లకు 7.2 కిలోవాట్ల ఛార్జర్ ధరను 50,000 రూపాయలుగా, 11.2 కిలోవాట్ల ఛార్జర్ ధరను 75,000 రూపాయలుగా ప్రకటించింది. అయితే కారులోపల ఉండే ఛార్జర్ సామర్థ్యమే తుదిహద్దు. 7.2 కిలోవాట్లు మాత్రమే స్వీకరించగల కారుకు 11 కిలోవాట్ల పరికరం అమర్చినా వేగం పెరగదు.

4. విద్యుత్ మార్గం:

మీటరు నుంచి కారు నిలిపే చోటివరకు వేసే తీగ, దాని రక్షణ పరికరాలు, ఎర్తింగ్ ఈ భాగంలోకి వస్తాయి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల ప్రకారం ఛార్జింగ్ పాయింట్‌కు విడిగా ఒక సర్క్యూట్ ఉండాలి. 30 మిల్లీ ఆంపియర్లకు మించని లీకేజీకే సరఫరాను నిలిపివేసే రక్షణ పరికరం తప్పనిసరి. సాకెట్ నేలనుంచి కనీసం 800 మిల్లీమీటర్ల ఎత్తున ఉండాలి. ఎక్స్‌టెన్షన్ వైరు వాడరాదు. వంటింటి సాకెట్ నుంచి వైరు లాగి ఛార్జ్ చేయడం ఖర్చులేని మార్గంలా కనిపించినా, గంటలతరబడి ఒకే స్థాయిలో ప్రవహించే కరెంటుకు ఆ వైరింగ్ ఉద్దేశించినది కాదు.

తీగ పొడవు ఖర్చును ఎలా మారుస్తుందో ఒక గణనలో చూడవచ్చు. 32 ఆంపియర్ల కరెంటు 40 మీటర్ల దూరం వెళ్ళాలంటే 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో సుమారు 9 వోల్టులు, అంటే 4 శాతం తగ్గుదల ఏర్పడుతుంది. 10 చదరపు మిల్లీమీటర్ల తీగలో అది సుమారు రెండున్నర శాతానికి దిగుతుంది. కారు మీటరు పక్కనే నిలిచే సొంత ఇంటికి 8 మీటర్ల సన్నని తీగ చాలు. సెల్లార్ ఒక మూల మీటర్ల బోర్డు, మరో మూల పార్కింగ్ ఉన్న అపార్ట్‌మెంటుకు ఐదురెట్ల పొడవుతోపాటు లావైన తీగ కూడా కావాలి. ఒకే ఛార్జర్‌కు రెండు ఇళ్ళలో రెండు ధరలు రావడానికి ప్రధాన కారణం ఇదే. దీనికితోడు హైదరాబాద్ పరిసరాల్లోని గ్రానైటు నేల ఎండాకాలంలో విద్యుత్తును సులభంగా ఇముడ్చుకోదు. అందువల్ల ఎర్తింగ్‌కు అదనపు వ్యయం అవసరం కావచ్చు.

5. మీటరు - స్లాబుల ప్రభావం:

పై రెండు ఖర్చులూ ఒకసారి పెట్టేవి. మూడవది ప్రతినెలా కొనసాగేది. కేంద్ర విద్యుత్ మంత్రిత్వశాఖ తొలి మార్గదర్శకాల్లోనే ఇంటివద్ద ఛార్జింగ్‌కు గృహ వినియోగ ధరే వర్తిస్తుందని పేర్కొన్నది. వాణిజ్య ధర పడకుండా కాపాడే ఈ సూత్రం, స్లాబుల పద్ధతి ఉన్నచోట మరొక ఫలితాన్ని ఇస్తున్నది.

తెలంగాణలో 2022-23 టారిఫ్ ఉత్తర్వు ప్రకారం నెలకు 100 యూనిట్లు దాటి 200 లోపు వాడే ఇంటికి మొదటి 100 యూనిట్లకు 3.40 రూపాయల చొప్పున, తరువాతి 100కు 4.80 రూపాయల చొప్పున పడుతుంది. వినియోగం 200 దాటితే మొదటి 200 యూనిట్లకూ ధర 5.10 రూపాయలవుతుంది. ఆపై 300 వరకు 7.70, 400 వరకు 9.00, 800 వరకు 9.50, అంతకు మించితే 10.00 రూపాయలు. 200 యూనిట్లకు 820 రూపాయలున్న శక్తి ఛార్జీ 201వ యూనిట్‌తో 1027.70కి చేరుతుంది.

నెలకు 180 యూనిట్లు వాడే ఇంటి శక్తి ఛార్జీ 724 రూపాయలు. కారు 150 యూనిట్లు తీసుకుంటే మొత్తం 330 యూనిట్లకు 2060 రూపాయలవుతుంది. పెరిగినది 1336 రూపాయలు. అంటే కారు వాడిన యూనిట్ ధర 8.91 రూపాయలు. ముందే 350 యూనిట్లు వాడే ఇంట్లో అది 9.33 రూపాయలవుతుంది. కారుకు పడే ధర సగటు బిల్లు ధర కాదు, చివరి స్లాబుల ధర.

2024లో ప్రారంభమైన గృహజ్యోతి పథకం ఈ గణనను మరింత తీవ్రం చేస్తుంది. అర్హత ఉన్న కుటుంబానికి 200 యూనిట్ల వరకు బిల్లు సున్నా. ఆ హద్దు దాటిన నెలలో మొత్తం బిల్లు చెల్లించాలి. పథకం పొందుతూ 180 యూనిట్లు వాడే క్యాబ్ డ్రైవరు కుటుంబం, నెలకు 25 రోజులు, రోజుకు 30 యూనిట్ల చొప్పున అదే మీటరుపై ఛార్జ్ చేస్తే మొత్తం వినియోగం 930 యూనిట్లకు, శక్తి ఛార్జీ 7790 రూపాయలకు చేరుతుంది. ఇంతకుముందు ఏమీ చెల్లించని ఆ కుటుంబానికి కారు యూనిట్ ధర 10.39 రూపాయలు పడినట్లే.

అయినప్పటికీ పెట్రోలుతో పోలిస్తే లాభం నిలుస్తుంది. లీటరుకు 15 కిలోమీటర్లు, లీటరు 107 రూపాయలు అనుకుంటే 1000 కిలోమీటర్లకు సుమారు 7130 రూపాయలు. విద్యుత్ ఖర్చు అందులో ఐదవ వంతు మాత్రమే. ఇక్కడ ప్రశ్న విద్యుత్ కారు లాభమా కాదా అన్నది కాదు. ఆ లాభంలో ఎంతభాగం కుటుంబానికి మిగులుతుందన్నది.

6. ప్రత్యేక కనెక్షన్:

వాహన ఛార్జింగ్‌కే కేటాయించిన ఎల్‌టీ-9 వర్గంలో శక్తి ఛార్జీ యూనిట్‌కు 6 రూపాయలు. దీనికి స్లాబులు లేవు. పై మొదటి ఇంట్లో కారుకు ఈ వర్గంలో ప్రత్యేక మీటరు మంజూరైతే 1336 రూపాయలకు బదులు 900 చాలు. క్యాబ్ విషయంలో 750 యూనిట్లకు 4500 రూపాయలవుతుంది. గృహజ్యోతి వర్తించే కుటుంబానికైతే ఇంటి బిల్లు సున్నాగానే మిగిలి, నెలకు 3290 రూపాయల తేడా వస్తుంది. స్థిర ఛార్జీలు ఈ తేడాను కొంత తగ్గిస్తాయి. అయినా ఏడాదిన్నరలోపు 50,000 రూపాయల ఛార్జర్ ధరకు సమానమైన మొత్తం ఆదా కాగలదు.

2024 ఫిబ్రవరిలో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలు ఛార్జింగ్‌కు విడి కనెక్షన్ కోరే అవకాశాన్ని స్పష్టంగా కల్పించాయి. కొత్త కనెక్షన్ గడువును మెట్రో నగరాల్లో 3 రోజులకు, ఇతర పురపాలికల్లో 7 రోజులకు, గ్రామాల్లో 15 రోజులకు కుదించాయి. శంషాబాద్ పట్టణానికీ, పాల్మాకుల, పెద్దషాపూర్ వంటి చుట్టుపక్కల ఊళ్ళకూ ఈ గడువులు వేరుకావచ్చు.

పైకప్పుపై హక్కు ఉన్నవారికి సౌరవిద్యుత్తు మరొక మార్గం. 2024లో ప్రారంభమైన పీఎం సూర్యఘర్ పథకం 3 కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ఇస్తున్నది. ఆ పలకలు నెలకు సుమారు 350 యూనిట్లు ఉత్పత్తి చేయగలవు. నెట్ మీటరింగ్ ద్వారా పగటి ఉత్పత్తిని రాత్రి ఛార్జింగ్‌కు సర్దుబాటు చేసుకోవచ్చు.

7. అపార్ట్‌మెంట్లు, అద్దె ఇళ్ళు:

సొంత ఇంట్లో నిర్ణయం ఒకరిది. అపార్ట్‌మెంటులో ఉమ్మడి గోడలు, కేబుల్ దారులు, ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం అందరివీ. ప్రతి యజమానీ విడివిడిగా తీగలు లాగితే మొదటివారికి తక్కువ, చివరివారికి ఎక్కువ ఖర్చవుతుంది. ఒకేసారి ప్రధాన కేబుల్ వేసి, ప్రతి పార్కింగ్‌కు శాఖ ఇవ్వడం సమన్యాయమైన పద్ధతి. పైన చెప్పిన సవరణ నియమాలే గృహసముదాయాలు వ్యక్తిగత కనెక్షన్లా, మొత్తానికి ఒకే కనెక్షనా అన్నది డిస్కమ్ నిర్వహించే పారదర్శకమైన ఓటింగ్ ద్వారా తేల్చుకునే వీలు కల్పించాయి. 2019లో కేంద్రం సవరించిన నమూనా భవన నిబంధనలు పార్కింగ్‌లో 20 శాతానికి ఛార్జింగ్ ఏర్పాట్లు సూచించాయి. అయితే అంతకుముందే కట్టిన భవనాల సమస్య దీనితో తీరదు.

అద్దెకుండే కుటుంబం ఇల్లు మారినప్పుడు ఛార్జర్‌ను వెంట తీసుకుపోగలదు, గోడలోని తీగను తీసుకుపోలేదు. ఇంటి యజమాని అనుమతి, ఖర్చు పంపకం ముందే కాగితంపై రాసుకోవడం అవసరం. వీలైనంతవరకు 15 ఆంపియర్ల పాయింటుతో సరిపెట్టుకోవడం వీరికి మేలు.

8. ముగింపు:

గృహ ఛార్జర్ వ్యయాన్ని పరికరం ధరతో కొలవడం అసంపూర్ణం. సాధారణ ఉద్యోగికి ఖరీదైన గోడ ఛార్జర్ చాలా సందర్భాల్లో అవసరం లేదు. దూరమైన పార్కింగ్ ఉన్నవారికి తీగ ఖర్చు, వాహనంపై బతికేవారికి స్లాబు ఖర్చు పెద్దవి. ప్రస్తుత ఏర్పాటులో సొంత ఇల్లు, పైకప్పు ఉన్నవారికి విద్యుత్ కారు అత్యంత చౌకగా, అద్దె ఇంట్లో ఉంటూ కారే జీవనాధారమైనవారికి అత్యంత ఖరీదుగా పరిణమిస్తున్నది. కొనుగోలు రాయితీలతోపాటు విడి మీటరును సులభతరం చేయడం, అపార్ట్‌మెంట్లలో ఉమ్మడి కేబుల్‌కు తోడ్పడడం ద్వారా ఈ వ్యత్యాసాన్ని తగ్గించవచ్చు. కారు కొనడానికి ముందు కుటుంబం చూడవలసిన మొదటి పత్రం, గత పన్నెండు నెలల కరెంటు బిల్లు.