వీడియో ఎక్స్‌పోర్టులో వేగము

పెండ్లి వీడియోను గాని, పాఠశాల వార్షికోత్సవపు వీడియోను గాని కంప్యూటరుపై కూర్చువారికి ముక్కలు కత్తిరించి, అతికి, పాటలు చేర్చిన పిమ్మట చివరకొక పని మిగులును. కూర్చినదానినంతటిని ఒక్క ఫైలుగా మార్చవలెను. దీనినే ఎక్స్‌పోర్టు అందురు. ఇది ఒక్కొక్కప్పుడు గంటల కొలది సాగును. ఇంత ఆలస్యమేల? దీనిని తగ్గించు ఉపాయము కలదా?

ముందుగా లెక్క చూడుడు. ఫుల్ హెచ్‌డీ చిత్రమొక్కటి 1920 చుక్కల వెడల్పు, 1080 చుక్కల ఎత్తు గలది. అనగా 20,73,600 చుక్కలు. చుక్కకు 3 బైట్లు, సెకనుకు 25 చిత్రములు చొప్పున ఒక్క సెకనుకే 15 కోట్లకు పైగా బైట్లగును. గంట వీడియోకు సుమారు 56,000 కోట్లు! ఇంతటి భారమును ఒకరికొకరు పంపుకొనుటెట్లు? కావున దానిని కుదింపవలెను. సెకనుకు 10 లక్షల బైట్లకు కుదించినను సామాన్యముగా కంటికి లోటు తోపదు. ఈ పని చేయునదే ఎన్‌కోడరు.

ఎన్‌కోడరు ప్రతి చిత్రమును పూర్తిగా వ్రాయదు. వధూవరులు కదలుచుండగా వెనుకనున్న పందిరి కదలదు గదా! కదలనిదానిని మరల వ్రాయనేల? 2003లో వెలువడిన హెచ్.264 పద్ధతిలో చిత్రమును 16 చుక్కల పొడవు, 16 చుక్కల వెడల్పు గల గడులుగా విభజించి, ఏ గడి ఎటు జరిగినదో వెదకి, మార్పును మాత్రమే వ్రాయుదురు. ఈ వెదకుటకే ఎక్కువ కాలము పట్టును.

కంప్యూటరులోని ప్రధాన ప్రాసెసరు ఈ పని చేయగలదు. కాని నిదానముగా చేయును. ఇంటెల్ సంస్థ 2011లో క్విక్ సింక్ పేరను, ఎన్‌విడియా సంస్థ 2012లో ఎన్‌వెంక్ పేరను, ఈ పనికే ప్రత్యేకించిన విద్యుద్వలయములను తమ చిప్పులలో అమర్చినవి. అయితే వలయమున్నంత మాత్రమున చాలదు. ఎడిటింగు సాఫ్ట్‌వేరు దానిని పనికి పిలువవలెను. అడోబీ ప్రీమియర్ ప్రో 2020లో గాని ఎన్‌వెంక్‌ను నేరుగా వాడుకొనలేదు.

అట్టి లోటును తీర్చినవి ప్లగిన్లు. ప్లగిన్ అనగా పెద్ద సాఫ్ట్‌వేరునకు తగిలించు చిన్న అనుబంధము. వూకోడర్ అట్టిది. అది ఎడిటింగు సాఫ్ట్‌వేరు నుండి చిత్రములను అందుకొని, మనము ఎంచుకొన్న ఎన్‌కోడరునకు అందించును. ప్లగిన్ స్వయముగా వేగము నీయదు. వేగవంతమైన వలయమునకు దారి తెరచును.

ఇందు రెండు సంగతులు మరువరాదు. దంపుడు బియ్యమునకును మర బియ్యమునకును భేదమున్నట్లే, సమాన పరిమాణము గల ఫైలులో నిదానపు ఎన్‌కోడరు సాధారణముగా మెరుగైన చిత్రము నిచ్చును. పారు నీటిలో, చీకటి దృశ్యములలో ఈ తేడా తెలియును. ఇక రెండవది. ఎక్స్‌పోర్టునకు 60 నిమిషములు పట్టుననుకొందము. అందు రంగుల దిద్దుబాటునకు 40, పిదప కుదింపునకు 20 అయినచో, కుదింపును 5 నిమిషములలో ముగించినను మొత్తము 45 నిమిషములగును. రంగుల పనిని ఎన్‌కోడరు తగ్గింపజాలదు.

కనుక మొదట ఒక్క నిమిషపు భాగమును రెండు విధముల ఎక్స్‌పోర్టు చేసి పోల్చి చూడవలెను. నేడే చూచి రేపు మరచునట్టి వీడియోకు వేగము చాలును. తరతరములు దాచుకొనదగినదానికి కొంత ఓపిక పట్టుటయే మేలు.