ఇంట కుట్టిన రవిక

ఇంటనే రవికలు కుట్టుకొను స్త్రీలు మనలో ననేకులు కలరు. గుడ్డ కత్తిరించుటయు, యంత్రముపై కుట్టుటయు వారికి కష్టము కాదు. కష్టమంతయు తొడిగి చూచుకొన్న పిమ్మట మొదలగును. చంక పట్టివేయును; మెడ జారును; వీపున మడత లేచును. అప్పుడు పెక్కండ్రు అద్దము ముందు నిలిచి, "నా యొడలే యిట్టిది, ఏది కుట్టినను నప్పదు" అని రవికను పెట్టె యడుగున పడవేయుదురు. ఇది తగదు. ఒంటికి తగినట్లు గుడ్డ మారవలెనే కాని, గుడ్డకు తగినట్లు ఒడలు మారదు. రవికలోని దోషమును రవికయే చెప్పును. దానిని గుర్తించుట మాత్రము మనము నేర్చుకొనవలెను.

మేమీ సంగతి ఒక పట్టుగుడ్డను పాడుచేసికొని నేర్చితిమి. మా తల్లిగారు తుదిసారి పసుపుకుంకుమలతో మాకు పెట్టిన రవికలగుడ్డ అది. వంకాయరంగు పట్టు, ముక్క యొక్కటే. వారు కాలము చేసిన మరుసటి యేడు చెల్లెలి పెండ్లికని దానిని కుట్టి తొడుగగా, చేయి యెత్తినప్పుడు చంకలో బిగువుగా నుండెను. చంకగుంట చిన్నదైనదని తలచి అర అంగుళము లోతుగా కోసితిమి. బిగువు తగ్గలేదు సరికదా హెచ్చినది. మరల కోసితిమి. పెండ్లినాడు వడ్డనకు చేయి చాచినప్పుడెల్ల రవిక యంచు నడుము మీదినుండి పైకి లేచుచుండెను. ఒక చేత గిన్నెయు, ఒక చేత పైటయు పట్టుకొని, తల యెత్తక ఆ దినము గడిపితిమి.

కారణము పిమ్మట తెలిసినది. చంకగుంట చంకకు దగ్గరగా నున్నచో, చేయి యెత్తినప్పుడు చేయి మాత్రమే లేచును. దిగువకు దిగినకొలది చేతితోపాటు ప్రక్కకుట్టును, దానితో రవిక యంతయు లేచును. కావున చంక బిగువైనచో కత్తెర పట్టుట తుదిపని కావలెను.

మొదట చంకవంపులో కుట్టునకు వెలుపల మిగిలిన గుడ్డను చూడుడు. అది ముడుచుకొని గట్టిగా నిలిచి ఒరయుచుండును. అర అంగుళమున కొకటి చొప్పున, కుట్టు తెగకుండ, దానికి కొంచెము దూరమున ఆగునట్లు గాట్లు పెట్టినచో తరచుగా అంతటితోనే బిగువు పోవును. పోకున్నచో ఛాతి కొలత చూడుడు. మన దేశమున మెట్రిక్ కొలతల చట్టము 1956లో వచ్చినను, రవికల కొలతలు నేటికిని అంగుళములలోనే చెప్పుకొనుచున్నాము. ఒంటి కొలత 36 అంగుళములైనచో రవిక 37½ మొదలు 38 అంగుళముల వరకు ఉండవలెను. రెండంగుళములు చాలలేదని తేలినను భయపడవలదు. ప్రక్కకుట్లు రెండు, ఒక్కొక్క కుట్టునకు గుడ్డపొరలు రెండు, వెరసి నాలుగు. పొర కర్ధాంగుళము చొప్పున విడిచినచో రెండంగుళములును వచ్చును. ఇందులకే కత్తిరించునప్పుడు ప్రక్కల నొక్కొక్క అంగుళము మిగులుగుడ్డ విడువవలెను.

ఇక మడతల సంగతి. మడత యే వైపు చూపుచున్నదో దోష మచ్చటనే యుండును. మెడనుండి చంకవైపు ఏటవాలుగా మడతలు దిగినచో భుజములు వాలుగా నున్నవని యర్థము. భుజపుకుట్టు విప్పి చేతివైపు కొనను కొంచెము లోనికి పట్టవలెను. భుజము కొననుండి మెడవైపు మడతలు పోయినచో భుజములు ఎత్తుగా నున్నవి. అచ్చటనే కొంచెము విడువవలెను. ముందువైపు చంకగుంట యంచు నోరు తెరచినట్లు వదులుగా నున్నచో, ఆ వదులును గుండుసూదితో పట్టి, దర్జీలు డార్టు అనెడి మడతకుట్టుగా రొమ్ము వైపునకు సన్నగిలునట్లు కుట్టవలెను.

ఈ పరీక్షలన్నియు కచ్చాకుట్టుతోనే జరుగవలెను. కచ్చాకుట్టు వేసిన రవికను తొడిగి అద్దము ముందు కదలక నిలిచినచో నేమియు తెలియదు. అటకమీది డబ్బా దింపినట్లు చేతులెత్తుడు. ముగ్గు పెట్టునట్లు వంగుడు. పీటమీద కూర్చుండి లెండు. అప్పుడు రవిక నిజము చెప్పును.

యంత్రపుకుట్టు విప్పుటకును ఉపాయము కలదు. ఎలియాస్ హౌ 1846లో పేటెంటు పొందిన యంత్రమునాటినుండి మనము వేయుచున్నది పైదారము, క్రిందిదారము లంకె పడెడి కుట్టు. ఒకవైపు నాలుగైదు కుట్లకొకమారు దారము త్రెంచి, రెండవవైపు దారమును లాగినచో గుడ్డ చినుగక ఊడివచ్చును. నూలుగుడ్డపై సూదిరంధ్రములు తడిపి ఇస్త్రీ చేసినచో చాలవరకు మూసికొనును, పట్టుపై నిలిచిపోవును. కనుక పట్టును సరిచూడకుండ యంత్రమున కెక్కింపరాదు.

క్రొత్త నూలుగుడ్డను, లోపలి లైనింగు గుడ్డను కత్తిరించుటకు ముందే నీట నానబెట్టి ఆరవేయవలెను. మగ్గముమీద బిగించి లాగబడిన పోగులు తడిసిన పిమ్మట సడలి పొట్టియగును. తడుపక కుట్టినచో ఆ కుంచించుకొనుట మన యొంటిమీద జరుగును. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల?

మా పట్టురవిక మాట మరచితిమి కాము. మా అమ్మమ్మగారి పాతరవికలలో చంకక్రింద చదరపు ముక్క యొకటి యుండెడిది. గుడ్డ చాలక అతికినారని చిన్నతనమున నవ్వెడివారము. ఆ ముక్క ప్రక్కకుట్టునకును చేతికుట్టునకును కూడ పొడవు నిచ్చి, చేయి యెత్తుటకు చోటు కల్పించునని పెద్దయైన పిమ్మట గ్రహించితిమి. కత్తిరింపులో మిగిలిన పేలికలు దాచియుంచితిమి కనుక, మూడంగుళముల ముక్కలు రెండు తీసి, ఒక మూల ప్రక్కకుట్టునకు, ఎదుటి మూల చేతికుట్టునకు వచ్చునట్లు అతికితిమి. అతుకు చేయి యెత్తిననే కాని కనబడదు. చెల్లెలి బిడ్డ బారసాలనాడు అదే రవిక తొడిగి, రెండు చేతులతోను వడ్డించితిమి.

సోదరీమణులారా, మీ పెట్టె యడుగునను అట్టి రవిక యొకటి యుండక పోదు. ఈ మాసమున దానిని పైకి తీయుడు. తొడిగి, చేతులెత్తి, మడత యెటు చూపుచున్నదో చూడుడు. కత్తెర మాత్రము దూరముగా నుంచుడు.