హ్రస్వ తరంగాలకు సాఫ్ట్‌వేర్ రేడియో

3 నుంచి 30 మెగాహెర్ట్జ్ వరకు పౌనఃపున్యం గల రేడియో తరంగాలను హ్రస్వ తరంగాలంటారు. ఇవి ఐనో ఆవరణంలో వంగి మళ్లీ భూమిని చేరుతాయి. కనుకనే ఖండాంతర ప్రసారాలు సైతం వినిపిస్తాయి. సాఫ్ట్‌వేర్ రేడియో గ్రాహకం ఏరియల్ అందించిన సంకేతాన్ని అంకెలుగా మారుస్తుంది. వాటి నుండి కోరిన కేంద్రాన్ని వేరుచేసి ధ్వనిగా మలచే పనిని కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ నిర్వహిస్తుంది.

ఇట్టి గ్రాహకాన్ని ఎంచుకొనేటప్పుడు ముందుగా దాని పౌనఃపున్య పరిధిని గమనించాలి. టీవీ ప్రసారాల కోసం రూపొందిన చౌక పరికరాలు అనేకం 24 మెగాహెర్ట్జ్‌కు దిగువన నేరుగా పనిచేయవు. పిదప బిట్ల సంఖ్యను చూడాలి. 8 బిట్ల పరికరం సంకేతాన్ని 256 మెట్లలో మాత్రమే కొలుస్తుంది. 14 బిట్ల పరికరానికి 16,384 మెట్లుంటాయి. మెట్లు తక్కువైనచో, బలమైన కేంద్రానికి తగినట్లు కొలతను అమర్చినప్పుడు సుదూరపు సన్నని స్వరం తొలి మెట్టునైనా అందుకోలేక మరుగున పడవచ్చు. అక్కరలేని తరంగాలను ముందే అడ్డగించే ఫిల్టర్లు ఉండటం మరింత మేలు.

అయితే ఎంత మేలైన గ్రాహకమైనా ఏరియల్ అందించిన దానినే వినిపించగలదు. ఎల్.ఇ.డి. దీపాలు, చార్జర్లు వెలువరించే విద్యుత్ రొదకు దూరంగా, ఆరుబయట ఏరియల్‌ను అమర్చినప్పుడే ఆ ఎంపిక సార్థకమవుతుంది.