ఉమ్మి పరీక్ష తాండూరు కూలీ దాకా వస్తుందా?

తాండూరులో నాపరాయి తీసేవాళ్లకు, వికారాబాద్ చుట్టూ కంది చేలలో కూలికి పోయేవాళ్లకు తంబాకు, జర్దా, గుట్కా ఆకలినీ అలుపునూ కాసేపు మరిపిస్తాయి. దాన్ని ‘చెడు అలవాటు’ అని తీసిపారేయడం తేలిక. ఒళ్లు హూనమయ్యే ఆ పని ఏ కులాల వంతు అయిందో కూడా మనం అడగాలి. దేశంలో 2022లో దాదాపు 1.43 లక్షల మందికి కొత్తగా పెదవి, నోటి క్యాన్సర్ వచ్చిందని అంచనా. చాలామంది జబ్బు ముదిరాకే ఆసుపత్రికి చేరుతున్నారు.

ఉమ్మి పరీక్ష మీద ఆశ అందుకే. నోటి పొర నుంచి రాలే కణాలు, వాటి జన్యుపదార్థం, ప్రోటీన్లు ఉమ్మిలో కలుస్తాయి. క్యాన్సర్ మొదలైతే వాటి మోతాదు మారుతుంది. 2004లో అమెరికాలో డేవిడ్ వాంగ్ బృందం 32 మంది రోగులను, 32 మంది ఆరోగ్యవంతులను పోల్చింది. కొన్ని ఆర్‌ఎన్‌ఏ గుర్తులను కలిపి చూస్తే 91 శాతం రోగులను పట్టుకోవచ్చని తేల్చింది.

ల్యాబ్ వేరు, ఊరు వేరు. ఐఎల్-8 అనే ప్రోటీన్ క్యాన్సర్‌లోనే కాదు, చిగుళ్లు వాచినా పెరుగుతుంది. పంటి డాక్టర్ ముఖం చూడని వాడల్లో ఇది చిన్న చిక్కు కాదు. ఒక లెక్క వేద్దాం. వెయ్యి మందిలో ఐదుగురికి జబ్బు ఉందనుకుందాం. పరీక్ష రోగులను, ఆరోగ్యవంతులను 90 శాతం సరిగ్గా చెప్పినా, జబ్బు లేని సుమారు 100 మందికి ‘ఉంది’ అని వస్తుంది. వాళ్లంతా కూలి పోగొట్టుకుని హైదరాబాద్ వెళ్లాలి. పైగా ఉమ్మిలో ఏం తేలినా, ఖాయం చేసేది ముక్క తీసి చూసే బయాప్సీయే.

అందాకా ఆగాల్సిన పని లేదు. కేరళలో 1.9 లక్షల మందిపై జరిగిన అధ్యయనం ఫలితాలు 2005లో వచ్చాయి. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు నోరు తెరిపించి కళ్లతో చూసినందుకే తంబాకు, మద్యం వాడేవాళ్లలో నోటి క్యాన్సర్ మరణాలు మూడో వంతు తగ్గాయి. 30 ఏళ్లు దాటినవారికి ఈ పరీక్ష చేయాలని జాతీయ కార్యక్రమంలోనే ఉంది.

కాబట్టి మనం అడగాల్సినవి మూడు: గనుల దగ్గరే, వాడల్లోనే నోటి పరీక్ష, జిల్లాలోనే బయాప్సీ, పోయిన కూలికి పరిహారం. ఉమ్మి పరీక్షను మన దగ్గర ప్రయత్నిస్తే, ఫలితం చెప్పి, చికిత్స దాకా తోడుండాలి. నమూనాలు మాత్రం పట్టుకుపోతామంటే కుదరదు.

మూడు వారాలైనా మానని పుండు, తెల్ల లేదా ఎర్ర మచ్చ, నోరు సరిగా తెరుచుకోకపోవడం కనిపిస్తే వెంటనే దవాఖానకు తీసుకెళ్లండి. మొదట్లో నొప్పి ఉండకపోవచ్చు.