నగర దర్శనం, తీర సాహసం: దూర విహారయాత్ర ప్రణాళిక

9.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• నగర దర్శనం, తీర సాహసం కలిసిన యాత్ర స్వభావాన్ని వివరించగలుగుతారు.
• అటువంటి యాత్రకు కాలం, ఖర్చు, రోజుల క్రమం నిర్ణయించగలుగుతారు.
• రిప్ కరెంట్‌ను గుర్తించే విధానాన్ని, అందులో చిక్కుకున్నప్పుడు చేయవలసిన పనులను తెలుపగలుగుతారు.

9.1 విషయ పరిచయం

ఒకే యాత్రలో ఒక నగరాన్ని చూసి, ఆ నగరాన్ని ఆనుకొని ఉన్న సముద్రతీరంలో సాహస క్రీడల్లో పాల్గొనడం నేటి పర్యాటకంలో బాగా ఆదరణ పొందిన పద్ధతి. విదేశాలకు వెళ్లేవారు సిడ్నీ, దుబాయ్ వంటి నగరాలను ఎంచుకోవడానికి ఇది ఒక కారణం. మనకు అందుబాటులో ఉన్న ఉదాహరణ విశాఖపట్నం. వరంగల్ నుండి రైలు మార్గంలో అది సుమారు 560 కిలోమీటర్లు. సాయంత్రం రైలెక్కితే ఖమ్మం, విజయవాడ, రాజమండ్రి మీదుగా మర్నాడు ఉదయానికి చేరుకోవచ్చు.

ఓరుగల్లుకు తీరంతో సంబంధం కొత్తది కాదు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. అంతకుముందు గాలివానకు ఓడ దెబ్బతిని మరో తీరానికి కొట్టుకువస్తే అక్కడి పాలకులు సరుకంతా స్వాధీనం చేసుకునేవారు. ఇకమీదట నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని ఆ శాసనం వర్తకులకు హామీ ఇచ్చింది. సముద్రం మనిషి అదుపులో ఉండదని గ్రహించి, తగిన ఏర్పాటు ముందే చేయడం ఇందులోని వివేకం. నేటి యాత్రికుడికి కావలసినదీ అదే.

9.2 నగరం వేళ, సముద్రం వేళ

నగర దర్శనం పనివేళలపై ఆధారపడుతుంది. ఉదాహరణకు, బీచ్ రోడ్డులోని ఐఎన్‌ఎస్ కురుసుర జలాంతర్గామి 1969 నుండి 2001 వరకు నౌకాదళంలో పనిచేసి, 2002లో ప్రదర్శనశాలగా మారింది. దానికి సోమవారం సెలవు. దాని ఎదుటే టీయూ–142 విమాన ప్రదర్శనశాల ఉంది. సింహాచలం, కైలాసగిరి, తొట్లకొండ బౌద్ధ క్షేత్రం, డచ్చివారి సమాధులున్న భీమునిపట్నం కూడా ఈ కోవలోనివే. వేళలు తెలుసుకుని వెళితే వీటిని ఏ రోజైనా చూడవచ్చు.

సముద్రం అలా కాదు. జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాల వల్ల అలలు ఉధృతంగా ఉంటాయి. అక్టోబరు నుండి డిసెంబరు వరకు తుపానుల భయం ఉంటుంది. హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినది 2014 అక్టోబరు 12న. ఆ తర్వాత జనవరి, ఫిబ్రవరి నెలలు కొంత అనుకూలం. అయితే అనుకూలమైన నెలలో కూడా ప్రతికూలమైన రోజు ఉంటుంది. అలల ఎత్తుపై ముందస్తు సమాచారాన్ని హైదరాబాద్‌లోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం (ఇన్‌కాయిస్) అందిస్తుంది. బయలుదేరే ముందు దానిని చూసుకోవాలి.

9.3 ఖర్చు, రోజుల క్రమం

వరంగల్ కొత్తవాడ జంపఖానాలకు పేరుపొందింది. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. అక్కడ మగ్గం నేసే ఒక కుటుంబం మూడు రోజుల విశాఖ యాత్ర తలపెట్టిందనుకుందాం. మగ్గం ఆగితే కూలి ఆగుతుంది. కాబట్టి ఛార్జీలు, బస, భోజనం, ప్రవేశ రుసుములతోపాటు పోగొట్టుకున్న మూడు రోజుల కూలి కూడా యాత్ర ఖర్చే. అర్థశాస్త్రంలో దీనిని అవకాశ వ్యయం అంటారు.

ఈ లెక్కకు ప్రాణభద్రతతో కూడా సంబంధం ఉంది. “ఇంత ఖర్చుపెట్టి వచ్చాం, నీళ్లలో దిగకుండా ఎలా వెళతాం?” అన్న ఆలోచనే చాలామందిని ఎర్రజెండా ఎగురుతున్నా అలల్లోకి దింపుతుంది. పెట్టిన ఖర్చు నీళ్లలో దిగినా తిరిగిరాదు, దిగకపోయినా తిరిగిరాదు. ఈ ఒత్తిడి తగ్గాలంటే రోజుల క్రమంలో మార్పుకు వీలుండాలి.

మొదటి రోజు: విశ్రాంతి, సాయంత్రం జలాంతర్గామి, బీచ్ రోడ్డులో నడక.
రెండవ రోజు: ఉదయం రుషికొండ తీరం, తర్వాత తొట్లకొండ, భీమునిపట్నం.
మూడవ రోజు: సింహాచలం, కైలాసగిరి, రాత్రి తిరుగు రైలు.

రెండవ రోజు సముద్రం బాగా లేకపోతే మూడవ రోజు కార్యక్రమాన్ని ముందుకు జరిపి, రుషికొండను మర్నాటికి మార్చుకోవచ్చు. తీర సాహసాన్ని మూడవ రోజుకే పెట్టుకుంటే ఈ వీలు ఉండదు.

9.4 రిప్ కరెంట్

విహారానికి వచ్చిన విద్యార్థులు తీరంలో గల్లంతైన వార్తలు మనం తరచూ చదువుతుంటాం. వారిలో ఈత వచ్చినవారూ ఉంటారు. బావిలోనో చెరువులోనో నేర్చిన ఈత నిలకడ నీటికి సంబంధించినది. చెరువులో నీరు ప్రశాంతంగా ఉన్నచోటు సురక్షితమన్న అనుభవం సముద్రంలో తలకిందులు కావచ్చు.

అలలు ఒడ్డుకు తెచ్చిన నీరు తిరిగి లోపలికి పోవాలి. ఇసుక తిన్నెల మధ్య పల్లం ఉన్నచోట ఆ నీరంతా ఒకే పాయగా, వేగంగా వెనక్కి సాగుతుంది. దీనినే రిప్ కరెంట్ అంటారు. ఆ పాయ లోతుగా ఉండటం వల్ల అక్కడ అలలు అంతగా విరగవు. రెండు పక్కలా తెల్లటి నురగ, మధ్యలో ముదురు రంగు నీరు, లోపలికి కొట్టుకుపోతున్న నురగ లేదా చెత్త దీని గుర్తులు. తెలియనివారికి అదే దిగడానికి అనువైన చోటుగా కనిపిస్తుంది. ఉధృతమైన రిప్ కరెంట్ వేగం సెకనుకు 2 మీటర్లు దాటవచ్చు. వంద మీటర్ల పోటీలో ప్రపంచ స్థాయి ఈతగాడి వేగం కూడా ఇంచుమించు అంతే. దానికి ఎదురీది గెలవడం సామాన్యులకు సాధ్యం కాదు.

అయితే రిప్ కరెంట్ మనిషిని అడుగుకు లాగదు, దూరంగా మాత్రమే తీసుకుపోతుంది. ప్రాణం తీసేది ఎదురీదడం వల్ల వచ్చే అలసట, భయం. అందులో చిక్కుకున్నవారు:
1. ఒడ్డు వైపు ఎదురీదకుండా, వెల్లకిలా తేలుతూ చేయి ఎత్తి సాయం కోరాలి.
2. ఈత వస్తే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి.
3. లాగుడు తగ్గాక, అలలు విరుగుతున్న వైపు నుండి ఏటవాలుగా ఒడ్డుకు రావాలి.

ఒడ్డున ఉన్నవారు వెంటనే దూకితే ఒక ప్రాణానికి బదులు రెండు ప్రాణాలు ఆపదలో పడతాయి. తాడు, టైరు ట్యూబు, మూతపెట్టిన ఖాళీ క్యాను వంటి తేలే వస్తువు విసరాలి. గజఈతగాళ్లను పిలవాలి, 112కు ఫోన్ చేయాలి. ఈత రానివారు మోకాలి లోతు దాటకపోవడం, పిల్లల చేయి వదలకపోవడం మంచిది.

9.5 స్కూబా డైవింగ్

రుషికొండ ప్రాంతంలో శిక్షకుల వెంట స్కూబా డైవింగ్ చేసే వీలుంది. ఉబ్బసం, గుండెజబ్బు, చెవి బాధలు ఉన్నవారు ముందుగా వైద్యుని సలహా తీసుకోవాలి. నీటి అడుగున ఊపిరి బిగపట్టరాదు. పైకి వచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి, ఊపిరితిత్తుల్లోని గాలి వ్యాకోచించి వాటికి హాని చేస్తుంది. ఒక డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, ఒకటికి మించితే 18 గంటలు విమానం ఎక్కరాదు. అరకు లోయ సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది కాబట్టి, డైవింగ్ చేసిన పూటే ఆ కొండలెక్కడం తగదు.

9.6 సారాంశం

నగరం పనివేళలను, సముద్రం రుతువును, గాలిని అనుసరిస్తాయి. అందువల్ల నగర దర్శనాన్ని సముద్రానికి తగినట్లు సర్దుకోవాలి. దిగకుండా తిరిగివచ్చే వీలును కూడా ముందే ఆలోచించి ఉంచుకున్నదే మంచి ప్రణాళిక.

9.7 నమూనా ప్రశ్నలు

1. అవకాశ వ్యయం అంటే ఏమిటి? మీ వృత్తి నుండి ఉదాహరణ ఇవ్వండి.
2. రిప్ కరెంట్ ఏర్పడే విధానాన్ని, దాని గుర్తులను వివరించండి.
3. మీ ఊరి నుండి ఏదైనా తీర నగరానికి మూడు రోజుల యాత్రా ప్రణాళిక తయారుచేసి, సముద్రం అనుకూలించకపోతే చేయవలసిన మార్పులు రాయండి.