గది బయటికి పంపితే శిక్షేనా?

తొండియార్‌పేటలోని మా తెలుగు బడిలో మూడో తరగతి పిల్లవాడొకడు తమిళం డిక్టేషన్ మొదలవగానే నోటు విసిరేసేవాడు. మేము గది బయట నిలబెట్టేవాళ్లం. రెండు వారాలు తిరిగేసరికి అది రోజువారీ తంతు అయింది. "వీణ్ణి బడి మాన్పించేయమంటారా టీచర్?" అని వాళ్లమ్మ కన్నీళ్లు పెట్టుకుంది. అప్పుడు గానీ మా పొరపాటు వెతకాలని మాకు తోచలేదు.

బీఈడీలో స్కిన్నర్ సిద్ధాంతం అందరం చదివాం, పరీక్ష రాసి మరిచిపోయాం. ఆ సూత్రాలను నిత్యజీవిత సమస్యలకు వాడే పద్ధతి ఎలా ఉండాలో 1968లో అమెరికాలో బేర్, వుల్ఫ్, రిస్లీ అనే ముగ్గురు వివరించారు. అదే అనువర్తిత ప్రవర్తన విశ్లేషణ, పొట్టిగా ఏబీఏ. ఆటిజం ఉన్న పిల్లల శిక్షణలో ఈ పేరు ఎక్కువగా వినిపిస్తుంది. సూత్రాలు మాత్రం అందరికీ వర్తిస్తాయి.

మొదటి మెట్టు ప్రవర్తనను చూసినట్టు చెప్పడం. "మొండివాడు" అనేది మన తీర్పు. "నోటు విసిరాడు" అనేది ప్రవర్తన, దాన్ని లెక్కపెట్టవచ్చు. తర్వాత మూడు గడులు గీయాలి: ముందు ఏం జరిగింది, పిల్లవాడు ఏం చేశాడు, వెంటనే ఏం జరిగింది. ఐదు రోజులు రాసి చూశాం. డిక్టేషన్ మొదలైంది, నోటు విసిరాడు, డిక్టేషన్ తప్పింది. మేము శిక్ష అనుకున్నది వాడికి విడుదల!

ఒక పని తర్వాత వచ్చిన ఫలితం వల్ల ఆ పని పెరిగితే దాన్ని పునర్బలనం అంటారు. కావలసింది దొరికి పెరిగితే ధనాత్మకం, ఇబ్బంది తొలగి పెరిగితే రుణాత్మకం. ఇక్కడ ధన, రుణ అంటే మంచి, చెడు కాదు, కూడిక, తీసివేత. రుణాత్మక పునర్బలనాన్ని శిక్ష అనుకోవడం మనలో చాలామంది చేసే తప్పు. శిక్ష అంటే దాని వల్ల ఆ పని తగ్గాలి. తగ్గకపోతే మనం ఏ పేరు పెట్టినా అది శిక్ష కాదు. ఇక కొట్టడమంటారా, 2009 విద్యాహక్కు చట్టం దాన్ని నిషేధించింది.

ఇంటి సంగతే చూడండి. అంగట్లో బిడ్డ చాక్లెట్ కోసం ఏడుస్తాడు, అమ్మ కొనిస్తుంది. బిడ్డకు చాక్లెట్ దొరికింది, అమ్మకు ఏడుపు తప్పింది. రేపు వాడు మళ్లీ ఏడుస్తాడు, ఆమె మళ్లీ కొంటుంది. ఇవ్వడం ఆపేస్తే ఏడుపు మెల్లగా తగ్గిపోతుంది, దీన్ని విలుప్తత అంటారు. అయితే మొదట్లో ఏడుపు పెరగవచ్చు. అప్పుడు లొంగిపోతే, ఇంకా గట్టిగా ఏడవాలని నేర్పినట్టే.

మా పిల్లవాడి ఇబ్బంది అక్షరాల్లో ఉంది. తెలుగులో క, గ వేరువేరు. తమిళంలో రెండింటికీ ఒకే అక్షరం. గ వినపడగానే వాడు లేని అక్షరాన్ని వెతుక్కుంటున్నాడు. అందుకని పది మాటలను మూడుకు తగ్గించాం. పక్కన అక్షరాల అట్ట పెట్టి, రోజులు గడిచేకొద్దీ తీసేశాం. కష్టమైతే చెయ్యెత్తి "కొంచెం ఆగండి టీచర్" అనమన్నాం. అడిగిన వెంటనే ఆగాం. విసరడం వల్ల దొరికేది అడిగితేనే దొరుకుతుంటే, విసిరే పనేముంది? ఇప్పటికీ ఒక్కోరోజు విసురుతాడు. కానీ పదిలో ఆరు మాటలు రాస్తున్నాడు. వాళ్లమ్మ మాన్పించే మాట ఎత్తడం లేదు.

ఒక హెచ్చరిక. ముందుగా చూపు, వినికిడి పరీక్ష చేయించండి. మాట ఆలస్యమైనా, ఆటిజం అనుమానమున్నా మన గడులు చాలవు. చెన్నై దగ్గరి ముట్టుకాడులో ఉన్న బహుళ వైకల్యాల జాతీయ సంస్థ వంటి చోట నిపుణులకు చూపించండి.

మిగతావాళ్లు ఐదు రోజులు ఆ మూడు గడులు రాసి బడికి తీసుకురండి. పిల్లవాణ్ణి తిట్టుకోకుండా, కాగితం ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం.